కంప్యూటర్ సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్ ధ్వని: ఏ.ఎస్. రావు నగర్ ఇళ్ళ నేపథ్యంలో

కంప్యూటర్‌లో అంకెలుగా దాచిన పాటను హెడ్‌ఫోన్‌కు అందే విద్యుత్ సంకేతంగా మార్చే భాగం సౌండ్ కార్డు. ఒకప్పుడు దాన్ని విడిగా కొని మదర్‌బోర్డులో గుచ్చుకునేవారు. ఇప్పుడది దాదాపు ప్రతి డెస్క్‌టాప్‌లోనూ, లాప్‌టాప్‌లోనూ మదర్‌బోర్డు మీదే ఒక చిన్న చిప్పుగా ఉంటోంది. మంచి ధ్వని కావాలంటే ఖరీదైన కార్డు కొనాలన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఇళ్ళలో పరీక్షించి చూస్తే తప్పు ఎక్కువగా మరోచోట దొరుకుతుంది: గోడ సాకెట్‌లో లేని ఎర్తు, సీపీయూ ముందువైపు జాక్‌కు వెళ్ళే సన్నని వైరు, విండోస్‌లో ఎవరూ తెరిచి చూడని ఒక పేజీ, కార్డుకూ హెడ్‌ఫోన్‌కూ కుదరని ఓమ్‌ల లెక్క. ఇవి సరిచేశాక కూడా లోటు మిగిలితే అప్పుడు కార్డు సంగతి ఆలోచించాలి.

కాలనీ నేపథ్యం

హైదరాబాదులోని ఏ.ఎస్. రావు నగర్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వల్ల వెలసిన కాలనీ. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, ఆ తరవాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదివారు. హోమీ భాభా బృందంలో చేరి అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాల తయారీని నడిపించారు. ఆ కృషి ఫలితంగానే 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అందరి నోటా ఈసీఐఎల్, ఏర్పడింది. 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ అందుకున్న ఆయన పేరే ఉద్యోగుల కాలనీకి పెట్టారు. ఈసీఐఎల్ చౌరస్తా, కుషాయిగూడ, సైనిక్‌పురి, మౌలాలి దీనికి ఇరుగుపొరుగు.

ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను, 1975లో 16 బిట్‌ల టీడీసీ-316ను బయటికి తెచ్చింది. అదే సంస్థ ఈసీ టీవీ ఒకప్పుడు తెలుగు మధ్యతరగతి ఇళ్ళకు బాగా తెలిసిన పేరు. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని దానిలో పాట వినడం మాత్రం చాలా తరవాతి మాట. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డును విడుదల చేసింది. తొంభైలలో సీడీ డ్రైవు, సౌండ్ కార్డు, రెండు చిన్న స్పీకర్లు కలిపి ‘మల్టీమీడియా కిట్’ అని అమ్మేవారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం మాటలో సీటీసీ, ఇప్పటికీ కంప్యూటర్ విడిభాగాల చిరునామా. 1997లో ఇంటెల్ ఏసీ-97 ప్రమాణం, 2004లో హెచ్‌డీ ఆడియో ప్రమాణం వచ్చాక ధ్వని చిప్పు మదర్‌బోర్డులో భాగమైపోయింది. విడి కార్డు అవసరం చాలామందికి తీరిపోయింది.

బోర్డు మీది చిప్పు ఎంత మంచిది

సీడీ ప్రమాణం సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్‌లు. నమూనాల సంఖ్యలో సగం వరకు ఉన్న పౌనఃపున్యాలన్నీ పూర్తిగా తిరిగి రాబట్టవచ్చని షానన్ 1949లో ప్రచురించిన సిద్ధాంతం చెబుతుంది. అంటే సీడీ 22 కిలోహెర్ట్జ్ దాకా మోయగలదు. మనిషి చెవి పడుచుతనంలో కూడా 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, వయసుతో ఇంకా కిందికి దిగుతుంది. 16 బిట్‌లు ఇచ్చే వ్యాప్తి సుమారు 96 డెసిబెల్‌లు.

చౌక మదర్‌బోర్డుల్లో ఏళ్ళ తరబడి కనిపించిన రియల్‌టెక్ ఏఎల్‌సీ-892 చిప్పుకు తయారీదారు చెప్పే సంకేత-రొద నిష్పత్తి సుమారు 95 డెసిబెల్‌లు. ఖరీదైన బోర్డుల్లోని ఏఎల్‌సీ-1220కి 120. మొదటిదే సీడీకి దాదాపు సరిపోతుంది. అయితే ఇవి చిప్పు ఒక్కదాని అంకెలు. అదే చిప్పును గ్రాఫిక్స్ కార్డు పక్కన, పవర్ సప్లై నీడలో, పొడవాటి వైరు చివర పెట్టినప్పుడు చెవికి చేరేది వేరు. చిప్పు పేరు చూసి మదర్‌బోర్డు కొనేవారు ఈ తేడాను గుర్తించడం లేదు. బోర్డు మీద ధ్వని భాగాన్ని మిగతా సర్క్యూట్ నుంచి ఎంత దూరంగా, ఎంత శుభ్రంగా వేరుచేశారన్నది చిప్పు నంబరు కన్నా ముఖ్యం.

డెస్క్‌టాప్‌లో మొదట చేయవలసిన పరీక్ష పైసా ఖర్చు లేనిది. సీపీయూ ముందువైపు జాక్‌లో పెట్టిన హెడ్‌ఫోన్‌ను తీసి, వెనకవైపు ఆకుపచ్చ జాక్‌లో పెట్టి వినాలి. ముందు జాక్‌కు వెళ్ళే వైరు క్యాబినెట్ లోపల ఈ చివర నుంచి ఆ చివరకు సాగి, దారిలోని రొదనంతా పోగుచేసుకుంటుంది. మౌసు కదిపినప్పుడు, పేజీ కిందికి జరిపినప్పుడు చిర్రుమనే చప్పుడు ముందు జాక్‌లో వినబడి వెనక జాక్‌లో లేకపోతే దొంగ దొరికినట్టే. కాకపోతే కొన్ని బోర్డుల్లో హెడ్‌ఫోన్‌ను నడిపే బలమైన యాంప్లిఫయర్‌ను ముందు జాక్‌కే ఇస్తారు. అలాంటి బోర్డులో వెనక జాక్ శుభ్రంగానే ఉంటుంది కానీ శబ్దం చాలదు.

జాక్ పూర్తిగా దిగిందో లేదో కూడా చూడాలి. సగం దిగిన జాక్‌లోనో, పిన్నుల వరస వేరుగా ఉన్న పాత ఫోను హెడ్‌సెట్‌తోనో గాయకుడి గొంతు మాయమై, వాద్యాలు మాత్రం ఎక్కడో గుహలోంచి వచ్చినట్టు వినబడతాయి. ఉమ్మడి గ్రౌండ్ తెగిపోవడంతో కుడి ఎడమల మధ్య తేడా మాత్రమే హెడ్‌ఫోన్‌కు అందుతుంది. రెండు చానళ్ళలో సమానంగా ఉన్న గొంతు రద్దవుతుంది. పాడైపోయిందని పారేసే హెడ్‌ఫోన్లలో ఈ రకంవి ఎన్నో ఉంటాయి.

గుయ్యిమనే చప్పుడు, ఎర్తింగు

ఈ ప్రాంతంలో హెడ్‌ఫోన్ ధ్వని గురించి రాసేటప్పుడు ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కంప్యూటర్ పవర్ సప్లైలో, మూడు పిన్నుల లాప్‌టాప్ ఛార్జర్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు ఒంటికి చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది. బయటి రొదను ఎర్తులోకి పంపడం వాటి పని. సాకెట్‌లో ఎర్తు లేకపోతే ఆ రెండు కెపాసిటర్ల మధ్య లోహపు ఒళ్ళు సుమారు సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. దాని వెనక కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రమాదం వెంటనే తెలియదు. మోచెయ్యి తగిలితే జివ్వుమంటుంది, అంతే. లోహపు లాప్‌టాప్ మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపితే సన్నగా గరగరలాడినట్టు ఉంటుంది. ఛార్జర్ పీకెయ్యగానే ఉపరితలం నున్నగా అయిపోతుంది.

హెడ్‌ఫోన్ ఒక్కటే లాప్‌టాప్‌కు తగిలించి ఉన్నంతవరకు ఈ తేలియాడే వోల్టేజీ చెవికి పెద్దగా తెలియకపోవచ్చు. బాధ మొదలయ్యేది మరో పరికరం కలిసినప్పుడు. విడిగా కరెంటు పెట్టుకునే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్, పాత స్టీరియో, కేబుల్ తీగ తగిలించిన టీవీ లాంటివి ఒక ఆడియో వైరుతో కంప్యూటర్‌కు కలిశాయంటే, రెండు పరికరాల లోహపు ఒళ్ళ మధ్య ఉన్న వోల్టేజీ తేడా కరెంటుగా మారి ఆ వైరు పైతొడుగు గుండా పారుతుంది. పాటకూ ఆ కరెంటుకూ దారి ఒకటే. అందుకే పాట వెనక గుయ్యిమంటుంది. హమ్ అనేది దీన్నే.

సంగీతం వినేవారికి ఈ చప్పుడు మామూలు రొద కన్నా ఎందుకు ఎక్కువ చేటో ఒక లెక్క చెబుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు పవర్ సప్లైలో ఏకముఖమయ్యాక 100, 200, 300 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటుంది. 5 శ్రుతిలో పాడే గాయని షడ్జం సుమారు 196 హెర్ట్జ్. తంబురా 196 దగ్గర మోగుతుండగా పక్కనే 200 దగ్గర హమ్ నిలబడి ఉంటే, రెండూ కలిసి సెకనుకు నాలుగుసార్లు ఊగే అలగా వినబడతాయి. రికార్డింగ్‌లో తంబురా శ్రుతి చెడిందని శ్రోత అనుకుంటాడు. తప్పు తంబురాది కాదు, గోడలోని వైరింగ్‌ది.

కారణం కనిపెట్టే పద్ధతి తేలిక. లాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద వినాలి. చప్పుడు పోతే ఛార్జరో, ఎర్తో కారణం. డెస్క్‌టాప్ అయితే కంప్యూటర్, మానిటర్, యాంప్లిఫయర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడాలి. టీవీ కేబుల్ తీగను కాసేపు పీకి చూడాలి. చాలా ఇళ్ళలో చప్పుడు ఈ చివరి అడుగులో ఠక్కున ఆగిపోతుంది, ఎందుకంటే కేబుల్ తీగ ఎక్కడో వేరే మేడ మీది గ్రౌండ్‌ను ఇంట్లోకి మోసుకొస్తుంది. సాకెట్ సంగతి ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్ పెట్టించి తేల్చుకోవాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య ఇంచుమించు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాలి. పాత అపార్టుమెంట్లలో మూడు కన్నాల సాకెట్ ఉన్నా పై కన్నం వెనక తీగే ఉండని సందర్భాలు కొల్లలు.

ఇక్కడి నేల కూడా సహకరించదు. మౌలాలి గుట్టను చూస్తేనే తెలుస్తుంది, ఈ ప్రాంతమంతా గ్రానైటు మీద ఉంది. రాతి నేలకు విద్యుత్ నిరోధం ఎక్కువ. గుంత తవ్వి, జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసే పాత పద్ధతి ఎర్తు, ఏప్రిల్, మే నెలల్లో తడి ఆరిపోగానే బలహీనపడుతుంది. వేసవిలో గుంతలో నీళ్ళు పోయమని చెప్పేది అందుకే. అయితే ధ్వని వరకు చూస్తే గుంత ఎంత లోతన్నదాని కన్నా, ఫ్లాట్‌లోని సాకెట్లన్నీ ఒకే ఎర్తు తీగకు గట్టిగా కలిశాయా లేదా అన్నదే ముఖ్యం. ప్రాణరక్షణకు రెండూ కావాలి, ప్రశాంతతకు తీగ. హమ్ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టడం, దానికి టేపు చుట్టడం చేయనే కూడదు. చప్పుడు పోవచ్చు గానీ పవర్ సప్లై లోపల ఇన్సులేషన్ చెడిన రోజున ఆ లోహపు ఒంటి మీదికి పూర్తి ఫేజు వస్తుంది.

కరెంటు పోయినప్పుడు పనిచేసే ఇన్వర్టర్ మరో కారణం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాను గుర్రుమన్నట్టే, యాంప్లిఫయర్ కూడా బుర్రుమంటుంది. ఆ తరంగపు నిటారు అంచుల్లో ఎగువ పౌనఃపున్యాలు దండిగా ఉంటాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ బెడద దాదాపు ఉండదు.

ఓమ్‌ల లెక్క

కొన్ని బోర్డుల్లో వెనక జాక్‌కు 75 ఓమ్‌ల దాకా నిరోధం వరసలో ఉంటుంది. అది స్పీకర్లకు, యాంప్లిఫయర్లకు ఇచ్చే లైన్ అవుట్ కాబట్టి అక్కడ నష్టం లేదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే మాత్రం వోల్టేజీలో మూడో వంతు కూడా హెడ్‌ఫోన్‌కు చేరదు. అంతకన్నా చెరుపు ఏమిటంటే, హెడ్‌ఫోన్ నిరోధం అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. బేస్ దగ్గర అది 64 ఓమ్‌లకు పెరిగిందనుకుంటే అక్కడ శబ్దం మిగతా చోట్ల కన్నా మూడున్నర డెసిబెల్‌లకు పైగా ఉబ్బుతుంది. మృదంగం తొప్పి గుమ్మటంలో మోగినట్టు ముద్దగా ఉంటే, ముందు ఈ లెక్క చూసుకోవాలి. హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతు కన్నా కార్డు నిరోధం తక్కువ ఉండాలన్నది అందరూ పాటించే సూత్రం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు. ఒకే ఇయర్‌ఫోన్‌లో మూడు నాలుగు డ్రైవర్లు ఉన్న రకాలకు ఇంకా తక్కువైతే మంచిది.

ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు ఇబ్బంది మరోలా ఉంటుంది. 1997లో వచ్చి ఇప్పటికీ ప్రమాణంగా నిలిచిన సెన్‌హైజర్ హెచ్‌డీ-600 నిరోధం 300 ఓమ్‌లు. 1 వోల్టు ఇస్తే 97 డెసిబెల్‌లు పలుకుతుంది. లాప్‌టాప్ జాక్ సాధారణంగా ఇచ్చేది వోల్టుకు అటూ ఇటూగా కాబట్టి సినిమా పాటకు చాలుతుంది. తక్కువ స్థాయిలో రికార్డు చేసిన కచేరీకి వాల్యూమ్ చివరికంటా తిప్పవలసి వస్తుంది. అలాంటప్పుడు బయటి యాంప్లిఫయర్ అర్థవంతమైన ఖర్చు. ఎక్కువ సున్నితమైన చిన్న ఇయర్‌ఫోన్లకు బలం కాదు, నిశ్శబ్దం కావాలి. వాటిలో పాట లేనప్పుడు వినబడే ‘స్‌స్‌స్’ అనే సన్నని సడి కార్డు లోపలి యాంప్లిఫయర్‌ది.

బోర్డు మీది జాక్ ఎంతకీ బాగుపడకపోతే ధ్వని మార్పిడిని క్యాబినెట్ బయటికి తెచ్చుకోవడం మేలు. యూఎస్‌బీ డాక్ (డీఏసీ) అనే చిన్న పరికరం చేసేది ఇదే. ఫోన్ల కోసం ఆపిల్ అమ్మే యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్ చూడటానికి బొటనవేలంత ఉన్నా, ఒక ఓమ్ లోపు నిరోధంతో శుభ్రంగా పనిచేస్తుంది, విండోస్ కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. వేలకు వేలు పోసే ముందు దాన్ని ప్రయత్నించడం వివేకం.

వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు పెద్దలకు 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు. మూడు డెసిబెల్‌లు పెరిగితే సమయం సగమవుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాఠాలు వినే పిల్లలున్న ఇంట్లో ఈ అంకెలు గోడకు అంటించదగ్గవి.

విండోస్‌లో సరిచేయవలసినవి

సౌండ్ సెట్టింగులలో హెడ్‌ఫోన్ పేరు మీద నొక్కితే ఫార్మాట్ ఎంచుకునే చోటు వస్తుంది. 24 బిట్‌లు, 48,000 హెర్ట్జ్ అన్నది చాలామందికి సరైన ఎంపిక. యూట్యూబ్ పాటలు ఎక్కువగా ఓపస్ రూపంలో 48,000 దగ్గరే వస్తాయి. సీడీలే వినేవారు 44,100 పెట్టుకోవచ్చు. 1,92,000 పెడితే ధ్వని మెరుగవుతుందన్నది భ్రమ. లేని స్వరాలను విండోస్ సృష్టించలేదు. అదే పేజీలో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు, స్పేషియల్ సౌండ్ తీసెయ్యాలి. లాప్‌టాప్ కంపెనీలు తమ చిన్న స్పీకర్ల లోటు కప్పిపుచ్చడానికి పెట్టే ఈ మార్పులు హెడ్‌ఫోన్‌లో పాటను ఉబ్బించి నలిపేస్తాయి. పాత కంట్రోల్ ప్యానెల్‌లోని కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో, కాల్ వచ్చినప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమన్న అమరిక మొదటి నుంచీ ఎంచుకుని ఉంటుంది. మధ్యాహ్నం మీటింగ్ అయ్యాక పాట నీరసంగా ఉందంటే ఒకసారి అక్కడ చూడాలి.

హెడ్‌ఫోన్ స్వభావాన్నే దిద్దుకోవాలంటే ఉచితంగా దొరికే ఈక్వలైజర్ ఏపీఓ ఉంది. బేస్ ఆరు డెసిబెల్‌లు పెంచినప్పుడు ప్రీయాంప్‌ను ఆరు తగ్గించడం మరవకూడదు. లేకపోతే గట్టి స్వరాల కొసలు తెగి పగిలినట్టు వినబడతాయి. ఇంత చిన్న ప్రోగ్రాంతో వచ్చే మార్పు, కొత్త సౌండ్ కార్డుతో వచ్చే మార్పు కన్నా ఎన్నో రెట్లు స్పష్టంగా ఉంటుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు సౌండ్ కార్డుతో సంబంధం లేదు, దాని చిప్పు దానిలోనే ఉంది. మైకు పనిచేయడం మొదలుకాగానే చాలా హెడ్‌సెట్లు కాల్ పద్ధతికి మారి సెకనుకు 16,000, ఒక్కోసారి 8,000 నమూనాలకు పడిపోతాయి. పాట టెలిఫోన్‌లో విన్నట్టవుతుంది. మాట్లాడటానికి లాప్‌టాప్ మైకును ఎంచుకుంటే హెడ్‌ఫోన్ ధ్వని నిలబడుతుంది.

పాట ఎక్కడి నుంచి వచ్చింది

తెలుగు శ్రోత విషయంలో ఈ ప్రశ్న కార్డు కన్నా బరువైనది. అరవైల సినిమా పాటలు, ఆకాశవాణి భక్తిరంజని కీర్తనలు ఇంటర్నెట్‌లో దొరికే రూపం చాలాసార్లు కాసెట్టు నుంచి ఎక్కించి, ఎంపీ3గా కుదించి, మళ్ళీ యూట్యూబ్ కుదించినది. పోయిన వివరాన్ని ఏ కార్డూ వెనక్కి తేలేదు. రికార్డింగు సంస్థలు మూల టేపుల నుంచి నేరుగా ఎక్కించిన ప్రతి దొరికితే, అదే హెడ్‌ఫోన్‌లో వీణ తీగ మీది వేలి రాపిడి కూడా వినబడుతుంది.

అసలు మోనోలో రికార్డయిన పాటను స్టీరియో కాసెట్టు నుంచి ఎక్కిస్తే రెండు చానళ్ళలోనూ పాట ఒకటే, బుస మాత్రం వేరువేరు. విండోస్ 11లో యాక్సెసిబిలిటీ కింద ఉన్న మోనో ఆడియో మీట నొక్కితే రెండూ కలుస్తాయి. పాట అలాగే నిలిచి బుస మూడు డెసిబెల్‌లు తగ్గుతుంది, తల లోపల అటూ ఇటూ కదలాడే గొంతు నడిమధ్య కుదురుకుంటుంది. టేపు హెడ్డు వంకరగా ఉండగా ఎక్కించిన ప్రతి అయితే ఈ మీట వల్ల తాళాల మెరుపు, ‘స’, ‘శ’ల పదును మందగిస్తాయి. అప్పుడు ఫైలును ఆడాసిటీలో తెరిచి, రెండు చానళ్ళలో తేటగా ఉన్నదాన్ని ఉంచుకుని రెండోది తీసేసి, ఉన్నదాన్నే రెండు చెవులకూ ఇచ్చుకోవడం మంచి మార్గం.